మకరయ్య దొర సమాధి

దొరదిబ్బ, పామిడి దగ్గర
12 జూన్ 2023

చిరంజీవి మల్లీశ్వరికి చిన్నాయన లింగప్ప దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం, వాన ఒక్కటే లేదు. విత్తనపు వేరుశనగ బుడ్డలు గోతాల్లోనే ఉన్నాయి. మబ్బు పట్టినట్టే పట్టి పెన్న దాటి అవతలికి పోతోంది. నాకు చెవులు బాగా మందగించాయి. మనిషి ఎదురుగా నిలబడి అరిస్తే అర్థమవుతుంది గానీ ఫోన్‌లో ఒక్క ముక్క వినపడదు. అందుకే ఈ ఉత్తరం. నువ్వు కూడా ఉత్తరమే రాయి, కొంచెం పెద్ద అక్షరాలతో.

నీతో ఒక పని పడింది. మన ఊరి దిబ్బ మీద మకరయ్య దొర సమాధి ఒక పక్క కూలిపోయింది. మాజీ సర్పంచి బయ్యన్న మొన్న ఇంటికి వచ్చాడు. "ఏమప్పా లింగన్నా, ఊరికి పేరొచ్చిందే ఆ దొరతో. ఆయప్ప సమాధి కూలిపోతాంటే చూస్తా కూర్చుంటామా? తాడిపత్రిలో నల్లబండ చెప్పినా. దాని మీద ఏం రాయాల్నో నువ్వు రాసియ్యి" అన్నాడు. నేను ముప్పై నాలుగేళ్ళు కాంపౌండర్‌గా చేశాను కాబట్టి డాక్టర్ల సంగతి నాకే తెలుస్తుందని వాళ్ళ నమ్మకం.

తీరా రాయబోతే, ఆయన అసలు పేరేమిటో కూడా నాకు తెలియదు. తెలిసిందల్లా మా తాత చెప్పిన కథ. ధాత కరువులో, అంటే 1877 ప్రాంతంలో, ఇక్కడ ప్రభుత్వం కరువు శిబిరం పెట్టింది. దానికి డాక్టరుగా వచ్చిన దొర ఆయన. శవాల బండిలో వేసుకుపోతున్న ఒక ఆడమనిషి వేలు కదలడం చూసి బండి ఆపించాడట. కుళ్ళిన కాలు తీసేసి ప్రాణం నిలబెట్టాడట. ఆమే మా తాతకు జేజి, వాళ్ళ నాయనకు అమ్మ, కుంటి సిద్దమ్మ. కట్టెకాలు పెట్టుకుని ఇంకో నలభై ఏళ్ళు బతికింది. ఆమె బతకబట్టే ఒళ్ళో ఉన్న మూడేళ్ళ కొడుకు బతికాడు, వాడి నుంచి మనమంతా వచ్చాం. మీ నాయనకు మకరప్ప అని పేరు పెట్టింది ఆ దొరను తలుచుకునే. నేను కాంపౌండర్ పనికి పోయింది కూడా ఆ కథ వినే.

చెదలు తిన్న కాగితాలకు పల్చటి కాగితం అతికించి మళ్ళీ బతికిస్తావని మీ నాయన పోయేదాకా నీ గురించి గొప్పగా చెప్పుకునేవాడు. నువ్వు పనిచేసే ఆ చెన్నై పాత రికార్డుల ఆఫీసులో మన దొర కాగితాలు ఏమైనా ఉంటాయేమో చూడు. పేరు, పుట్టిన ఊరు, చేసిన మంచి పనులు నాలుగు దొరికితే చాలు.

నీ చిన్నాయన,
లింగప్ప

చెన్నై
20 జూలై 2023

చిన్నాయనకు మల్లీశ్వరి నమస్కారాలు.

దొర దొరికాడు! ఆయన పేరు ఏంగస్ మెక్రే. ఆ మెక్రేనే మన వాళ్ళ నోట్లో మకరయ్య అయింది. ఊరు స్కాట్లాండ్‌లో సముద్రం ఒడ్డున ఒక పల్లె. పుట్టింది 1844లో. సర్జన్ పరీక్ష పాసై 1871లో మద్రాసులో ఓడ దిగాడు. శిబిరానికి 1877 ఫిబ్రవరిలో వచ్చాడు, ఆ ఏడు నవంబరులో అక్కడే కలరాతో పోయాడు. అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్ళే. నేను ఎప్పుడూ తెల్లగడ్డం ముసలాయనను ఊహించుకునేదాన్ని. నాకంటే చిన్నవాడట.

ఆయన కాగితాలు ఒక కట్టగా ఉన్నాయి. సగానికి సగం చెదల పాలే. మా సూపరింటెండెంట్‌ను అడిగి మరమ్మతుకు నా బల్ల మీదికే తెప్పించుకున్నాను. ఒక మంచి సంగతి చెబుతాను, ఇది బండ మీద రాయించవచ్చు. శిబిరంలో మనిషికిచ్చే తిండి తగ్గించమని పై నుంచి ఉత్తర్వు వస్తే, ఆయన తగ్గించను అని ఎదురు రాశాడు. "ఈ కొలతతో ఎవరైనా బతుకుతారని అనుకునేవాళ్ళు ఒక నెల ఇదే తిని చూడాలి" అని ఉంది. పైవాళ్ళు మందలించినా మళ్ళీ రాశాడు. మొత్తం ఆరు ఉత్తరాలు.

కడిగి ఆరబెట్టిన మిగతా కాగితాలు ఇంకా తడి ఆరలేదు. చదవడానికి సమయం పడుతుంది. బండ చెక్కడానికి తొందర పడవద్దని బయ్యన్న మామకు చెప్పండి.

మీ
మల్లీశ్వరి

దొరదిబ్బ
6 ఆగస్టు 2023

చి. మల్లీశ్వరికి దీవెనలు.

నీ ఉత్తరం బస్సు షెల్టర్ దగ్గర అందరినీ కూర్చోబెట్టి చదివాను. తిండి తగ్గించను అన్న మాట దగ్గర బయ్యన్న చప్పట్లు కొట్టాడు. మీ అత్త వెంకటలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుంది. అక్క నాకంటే పదేళ్ళు పెద్దది, చిన్నప్పటి నుంచి అమావాస్య తప్పకుండా ఆ సమాధి దగ్గర దీపం పెడుతున్న మనిషి. ఆమె సంతోషం చూడాల్సిందే.

కానీ ఒక గొడవ జరిగింది. గొర్రెల కాపరి ఓబిలేష్ వెనక నిలబడి వింటున్నాడు. నీకు గుర్తుందా, ఎనభై ఏళ్ళవాడు, ఊరి చివర ఉంటాడు. ఎప్పుడూ నోరు విప్పనివాడు ముందుకొచ్చాడు.

"ఏమన్నా, ఆ బండ మీద మా వాళ్ళ సంగతి గూడా రాస్తాండారా?"

"మీ వాళ్ళ సంగతి ఏముండాదప్పా?" అన్నాడు బయ్యన్న.

"ఆ దొర సచ్చిపోయినోళ్ళ తలకాయలు కోసుకొని పెట్టెల్లో పెట్టి పంపినాడంట. మా జేజి చెప్తాండె. మా ఇండ్లల్లో ఎవురన్నా ఆ దిబ్బకు మొక్కేది ఎప్పుడన్నా చూసినావా నువ్వు?"

అంతే, అందరూ మీద పడ్డారు. పుణ్యాత్ముడి మీద ఏం మాటలవి అని తిట్టారు. నేనూ తిట్టాను. అతను గొర్రెల దగ్గరికి పోయాడు. ఇంటికొచ్చి చూసుకుంటే నిజమే, వాళ్ళ ఇళ్ళవాళ్ళు దిబ్బ ఎక్కడం ఈ డెబ్బై ఏళ్ళలో నేను చూడలేదు. ఎందుకు ఎక్కరో ఒక్కసారి కూడా అడగలేదు.

అది అబద్ధమని నువ్వు ఒక్క మాట రాస్తే చాలు. సిద్దమ్మ గురించి నీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదేం? చిన్నప్పుడు మార్కులు తక్కువొస్తే నువ్వు వానల గురించి మాట్లాడేదానివి. ఈ ఉత్తరమూ అట్లాగే ఉంది.

లింగప్ప

చెన్నై
29 ఆగస్టు 2023

చిన్నాయనా,

మీరు పట్టుకున్నారు. పోయిన ఉత్తరం రాసేటప్పటికే నాకు సగం తెలుసు. ఎట్లా రాయాలో తెలియక దాచాను. ఓబిలేష్ తాతను తిట్టారని చదివాక ఇక దాచలేను. ఈ ఉత్తరం షెల్టర్ దగ్గర చదవకండి. మీరొక్కరే చదవండి.

ఓబిలేష్ తాత చెప్పింది అబద్ధం కాదు. కట్టలో ఒక జాబితా ఉంది. శిబిరంలో చనిపోయిన పన్నెండు మంది పుర్రెలను శుభ్రం చేసి, పన్నెండు పెట్టెల్లో సర్ది, వాళ్ళ దేశంలోని ఒక వైద్య సంగ్రహాలయానికి పంపాడు. ఆ రోజుల్లో పుర్రెలు కొలిచి ఏ జాతివాళ్ళు ఎలాంటివాళ్ళో తేల్చవచ్చని చదువుకున్నవాళ్ళు నమ్మేవారట. చాలామంది పేర్లు లేకుండా పంపేవారట. ఈయన ప్రతి పెట్టెకూ మనిషి పేరు, వయసు, చేసే పని, ఊరు రాశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ఏడో పెట్టె: "ఓబుళేసు. సుమారు ముప్పై ఏళ్ళు. సేద్యగాడు. విరేచనాలతో మరణించాడు. భార్య సిద్దమ్మ శిబిరంలోనే ఉంది."

సిద్దమ్మ గురించి కూడా ఉంది. రోగుల పుస్తకంలో ఒక పేజీ. శవాల బండి ప్రస్తావన అందులో లేదు. అది నిజమో కాదో నాకు తెలియదు. కంకర కొట్టే పనిలో కాలి మీద రాయి పడి కుళ్ళిందని ఉంది. మత్తుమందు అయిపోయింది. నలుగురు పట్టుకుంటే మోకాలి పైన కోశాడు. ఆమె వద్దని అరిచింది, మొగుణ్ణి పిలవమంది. మొగుడు ముందురోజే చనిపోయాడు. తర్వాత పదకొండు రోజులు ఆయనే స్వయంగా కట్టు మార్చాడు, తన గదిలోని పాలు ఆమె బిడ్డకు పోయించాడు. పదకొండో రోజు ఇలా రాశాడు: "ఈవేళ కూడా భర్త ఎక్కడని అడిగింది. నది ఒడ్డున మర్యాదగా పూడ్చామని చెప్పించాను. ఊరుకుంది."

చిన్నాయనా, ఆ మాట రాసిన రోజుకు నాలుగు రోజుల ముందే ఆ పెట్టె బళ్ళారి వైపు బండెక్కింది.



మల్లీశ్వరి

దొరదిబ్బ
5 సెప్టెంబరు 2023

మల్లీశ్వరికి,

ఉత్తరం అందింది. ఇది ఎవరికీ చెప్పవద్దు. మీ అమ్మకు కూడా. బండ మీద చెక్కడం మొదలుపెట్టారు. మీ అత్తకు ఎనభై రెండేళ్ళు. ఈ వయసులో ఆమె చేతిలోని దీపం లాక్కోవాలా?

ఇంగ్లీషు చేతిరాత, నూట యాభై ఏళ్ళ నాటిది. నువ్వు తప్పు చదివి ఉండవచ్చు. ఓబుళేసు పేరుగలవాళ్ళు ఈ సీమలో ఊరికి పదిమంది ఉంటారు.

ఇక ఆ కాగితాలు చదవవద్దు. అతికించి లోపల పెట్టేయి.

లింగప్ప

చెన్నై
24 సెప్టెంబరు 2023

చిన్నాయనకు,

తప్పు చదవలేదు. ముగ్గురికి చూపించాను. ఓబుళేసులు పదిమంది ఉంటారు గానీ సిద్దమ్మ మొగుడు ఓబుళేసు ఒక్కడే.

మీకు కోపం వచ్చిందని తెలుసు. నాకూ కోపమే, కానీ ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను. రోజూ ఉదయం ఆయన కాగితాలను నా చేతులతో కడుగుతున్నాను, చిరిగిన అంచులు కలుపుతున్నాను. తిండి తగ్గించను అని రాసిన మూడో ఉత్తరం తేదీ, పెట్టెల జాబితా తేదీ ఒకటే. జూలై తొమ్మిది. అదే సిరా, అదే చెయ్యి. పొద్దున ఒకటి రాసి సాయంత్రం ఒకటి రాశాడేమో. బతికున్నవాళ్ళ కోసం పైవాళ్ళతో కొట్లాడిన మనిషికి చచ్చినవాళ్ళు మనుషుల్లా ఎందుకు కనపడలేదు? ఒక మంచి దొర, ఒక చెడ్డ దొర, ఇద్దరుంటే నాకు పని సులువయ్యేది. ఆఫీసు కాగితాల్లో నా పేరు పక్కన మకరప్ప కూతురనే ఉంటుంది. మొన్న సంతకం చేస్తూ ఆ పేరు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఇంకొక కాగితం ఉంది. చివరిది. అక్టోబరులో సంగ్రహాలయానికి రాసిన ఉత్తరం నకలు. రెండే వాక్యాలు. "ఏడో నంబరు పెట్టెను నాకు తిరిగి పంపగలరు. రవాణా ఏర్పాట్లు నేను చూసుకుంటాను." కారణం రాయలేదు. సిద్దమ్మ అడిగింది మనసులో పడి అడిగాడా, జాబితాలో తప్పు దొర్లి సరిచేయడానికి అడిగాడా? పది రకాలుగా ఆలోచించాను. మొదట పశ్చాత్తాపమే అనుకుని ఏడ్చాను కూడా. మర్నాడు అంత నమ్మకం లేకపోయింది. నెల తిరగకముందే ఆయన చనిపోయాడు. జవాబు కట్టలో లేదు.

పన్నెండు పేర్లూ తెలుగులో రాసి దీనితో పెడుతున్నాను. చింపేస్తే చింపేయండి. నా దగ్గర ఉంచుకుని మీకు పంపకుండా ఉండలేను.

మల్లీశ్వరి

దొరదిబ్బ
19 నవంబరు 2023

నా తల్లి మల్లీశ్వరికి,

రెండు నెలలు రాయలేదు.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ముందు చెబుతాను. 1986లో నేను పనిచేసిన ఆసుపత్రిలో ఒకతను ఆపరేషన్ బల్ల మీదే పోయాడు. పెళ్ళాం బయట కూర్చుని ఉంది. పెద్ద డాక్టరు ఇంకా రాలేదు, నేనే బయటికి పోయాను. ఆమె అడిగింది. "నిద్రపోతాండాడమ్మా" అన్నాను. సాయంత్రం దాకా ఆమె అదే నమ్మి కూర్చుంది. దయతోనే అన్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నీ ఉత్తరంలో పదకొండో రోజు మాట చదివినప్పటి నుంచి, అది ఆమె మీద దయనో, నా భయమో తెలియడం లేదు.

అందుకే ఒకరోజు నీ కాగితం తీసుకుని ఓబిలేష్ ఇంటికి పోయాను. గొర్రెల దొడ్డి దగ్గరే కూర్చుని పేర్లు చదివాను. మూడో పేరు తిప్పన్న, గొర్రెల కాపరి. అది వినగానే అతను లేచి నిలబడ్డాడు.

"మా జేజి వాళ్ళ నాయనన్నా అది. ఆయమ్మ అబద్ధం చెప్పలేదు గదన్నా? ఊరంతా పిచ్చిదాన్ని చేసిరి ఆయమ్మను."

"చెప్పలేదప్పా. నేనే నిన్ను తిట్టినాను. తప్పయిపోయింది" అన్నాను.

ఈ నెల మొదట్లో బండ వచ్చింది. అద్దంలా ఉంది. దాని మీద 'పుణ్యాత్ముడు' అని పెద్ద అక్షరాలు. లారీ దగ్గరే అందరినీ నిలబెట్టి మొత్తం చెప్పాను. తిండి కోసం కొట్లాడింది, కాలు తీసింది, తలలు పంపింది, పెట్టె అడిగింది, ఏదీ దాచలేదు. పన్నెండు పేర్లు చదివాను. మన ఊళ్ళో, చుట్టుపక్కల కలిపి ఏడు పేర్లకు మనుషులు తేలారు.

బయ్యన్న ముఖం నల్లబడింది. "ఈ మాట బండ చెక్కకముందు చెప్పకూడదా లింగన్నా? పిలిచినోళ్ళకు ఇప్పుడు ఏమని చెప్పేది?" అన్నాడు. అతని తప్పేం లేదు. దాచింది నేను.

మీ అత్త జనాన్ని తోసుకుంటూ నా ముందుకు వచ్చింది. చెవిలో గట్టిగా అరిచింది. "ఇవన్నీ వద్దు. ఆయప్ప మంచోడా, చెడ్డోడా? అది చెప్పు ముందు. నేను దీపం పెట్టాల్నా, వద్దా?"

"నాకు తెలీదక్కా."

"ఇంత సదువుకొని తెలీదంటావా?"

"తెలీదు."

మొన్న అమావాస్యకు ఆమె నూనె గిన్నె పట్టుకుని దిబ్బ ఎక్కింది. నేను కింద నిలబడి చూస్తున్నాను. సమాధి ముందు చాలాసేపు నిలబడి, దీపం పెట్టకుండా దిగి వచ్చింది. నేరుగా మన చేని గట్టుకు పోయి, సిద్దమ్మ గోరీ మీద కంపచెట్లు తన చేత్తోనే పీకి, అక్కడ వెలిగించింది. ఇన్నేళ్ళలో ఆ గోరీ మీద దీపం ఉండగా నేను చూసింది అదే మొదలు. దొరకు మొక్కుతూ ఆమెను మరిచిపోయామమ్మా మేము.

బండ సమాధి పక్కనే బోర్లా పడుకోబెట్టి ఉంది. ఏం చేయాలో ఎవరికీ తోచడం లేదు.

ఒక్కటి మాత్రం తోచింది. ఓబిలేష్ వేలిముద్ర వేశాడు. బయ్యన్న కూడా చివరికి సంతకం పెట్టాడు. ఏడిళ్ళ వాళ్ళమూ కలిసి ఆ సంగ్రహాలయానికి ఒక ఉత్తరం రాశాం. దీనితో పెట్టాను. ఇంగ్లీషులోకి మార్చి పంపు. మాటలు నున్నగా చేయవద్దు. మేం రాసింది ఇంతే: మీ ఊరి మెక్రే దొర మా ఊళ్ళో ఉన్నాడు. ఆయన సమాధిని మేం చెడగొట్టలేదు, చెడగొట్టం. మా వాళ్ళు పన్నెండుగురు మీ దగ్గర ఉన్నారు. వాళ్ళను మాకు పంపండి.

నీ చిన్నాయన,
లింగప్ప

చెన్నై
2 ఫిబ్రవరి 2025

చిన్నాయనకు నమస్కారాలు.

ఏడాది పైగా వాళ్ళు అడిగిన కాగితాలన్నీ పంపుతూ వచ్చాను కదా. నిన్న జవాబు వచ్చింది. పంపుతారు! పన్నెండు పెట్టెలూ ఉన్నాయట, ఏడోది కూడా. దొర అడిగినా వాళ్ళు పంపలేదన్నమాట. అడిగిన ఉత్తరం అందిందో లేదో వాళ్ళ పుస్తకాల్లో లేదు. ఆయన ఎందుకు అడిగాడో ఇక మనకు తెలియదు. నేను వెతకడం మానేశాను అని రాయాలనుకున్నాను, కానీ మానలేదు. ఇప్పటికీ ఆ రెండు వాక్యాలు తీసి చూస్తుంటాను.

పెట్టెల ఫోటోలు కూడా పంపారు. తెరవలేదు.

మార్చి మూడోవారంలో చెన్నైకి వస్తాయి. ఓబిలేష్ తాత తాను కూడా విమానాశ్రయానికి వస్తానన్నాడని రాశారు, తప్పక తీసుకురండి, మా ఇంట్లోనే ఉండవచ్చు. వ్యాను నేను మాట్లాడతాను. కానీ పన్నెండుగురిని ఎక్కడ పెట్టాలో ముందుగా తేల్చుకోండి. అధికారులు స్థలం రాయమంటున్నారు.

మీ
మల్లీశ్వరి

దొరదిబ్బ
10 ఫిబ్రవరి 2025

నా తల్లి మల్లీశ్వరికి,

నీ ఉత్తరం మీ అత్తకు మూడుసార్లు చదివి వినిపించాను. ఓబిలేష్ కొత్త పంచె కొనుక్కున్నాడు, ఇప్పుడే కట్టుకుని తిరుగుతున్నాడు.

స్థలం సంగతి ఇంకా తేలలేదమ్మా. దిబ్బ మీదే దొర పక్కన పెడదాం, వాళ్ళ మధ్యనే పడుకోనీ ఆయనను అంటాడు ఓబిలేష్. దొర నీడ కూడా పడకూడదు, పెన్న ఒడ్డున పెడదాం అంటుంది మీ అత్త. బయ్యన్న రెండిళ్ళ మధ్య తిరుగుతున్నాడు. నన్నడిగితే నిన్న ఒకటి చెప్పాను, ఈరోజు ఇంకొకటి. ఆ బండ ఇంకా బోర్లానే ఉంది. దాని వెనక వైపు ఏం రాయాలని మళ్ళీ అడిగారు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను, పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు రాశాను. తర్వాత మాట రావడం లేదు.

అధికారులకు పదకొండుగురి స్థలం తర్వాత చెబుతామని రాయి. ఓబుళేసు స్థలం ఇప్పుడే రాసుకోవచ్చు. మన చేని గట్టు, సిద్దమ్మ ఎడమ పక్కన. గుంత కొలతకు నేనూ మీ అత్తా పొద్దున పోయి వచ్చాం. అక్కడ మాత్రం ఎవరూ రెండో మాట అనలేదు.

నీ చిన్నాయన,
లింగప్ప